మంత్రిగారు ఎక్కిన పల్లం

యూంగాస్ అడవిలోని మా మట్టిదారిని జాతీయ సుందర మార్గంగా ప్రకటిస్తున్నామనీ, రోడ్డు వేస్తే అందం చెడుతుంది కనుక వేయబోమనీ మంత్రి డాక్టర్ ఒలెగారియో బల్దివియెసో లా పాజ్ నగరంలో సెలవిచ్చారు. అంతటితో ఆగక, ఆ దారిలో స్వయంగా దిగి వస్తామన్నారు. ఇంత ధైర్యం గల మంత్రి మాకు మునుపు లేడు.

ఆ ఉదయం నేను దోన్యా సెవెరా లారీలో ఉన్నాను. లారీ నిండా కమలాపళ్లు, ఆమె ఏడాది పంట. మెత్తబడేలోగా ఎగువనున్న లా పాజ్ సంతకు చేర్చాలి. చక్రాలకు సారా చుక్క, భూతల్లికి ఒక చుక్క పోసి బయల్దేరాం. ఆమె నడుపుతుంది. ఇరుకు చోట నేను దిగి చక్రం చూస్తాను. మా దారికి ఒకటే ధర్మం. ఎక్కే బండి కొండవైపు, దిగే బండి లోయవైపు. ఎదురుపడితే దిగేవాడే తగ్గాలి.

జలపాతం మలుపులో మంత్రిగారి కాన్వాయ్ ఎదురైంది. ఆయన అద్దం దించి లోయవైపు చూశారు. మబ్బులు కాళ్ల కింద ఉన్నాయి. అద్దం ఎత్తేశారు. కాసేపటికి కార్యదర్శి దిగి వచ్చాడు.

“అమ్మా, ఉత్తర్వు అయింది. మంత్రిగారు ఇప్పుడు వెళ్లే దిక్కే ఇకమీదట ఎక్కే దిక్కు. మీరు దిగుతున్నారు.”

సెవెరా నములుతున్న కోకా ఆకును ఈ చెంప నుంచి ఆ చెంపకు మార్చుకుంది. “నీళ్లు కూడా మీరు పోయేవైపే పారుతున్నాయి గదయ్యా.”

“నీళ్లకింకా ఉత్తర్వు అందలేదు.”

“నా కమలాలకు అందిందా? మెత్తబడొద్దని వాటికీ ఒక మాట చెప్పు మరి.”

“అర్జీ పెట్టుకోండి.”

పోలీసులు తుపాకులు సర్దుకున్నారు. సెవెరా బండిని లోయ అంచుకు వెనక్కి తీసింది. నేను నేల మీద బోర్లా పడుకుని చెయ్యి ఊపాను. వెనక చక్రం సగం గాలిలోకి వెళ్లాక ఆపమన్నాను. నాలుగు బుట్టలు లోయలోకి జారాయి. పచ్చదనం మీద ఆ రంగు ఎంత బాగుందో అన్నారు మంత్రిగారు. అంత రసికత ఇంకెవరికి ఉంటుంది?

కాన్వాయ్ కొండను రాసుకుంటూ పల్లంలోకి ఎక్కిపోయింది. వెనక వచ్చిన లారీలన్నీ అదే ఉత్తర్వు చెప్పి ఎక్కాయి. ఆ వరుస తెగక మేము అంచునే ఉండిపోయాం.

మర్నాడు తిరుగు ప్రయాణంలో కాన్వాయ్ మళ్లీ మా పక్కనే ఆగింది.

“డాక్టర్‌గారూ,” అన్నాడు కార్యదర్శి, “ఉత్తర్వు ప్రకారం ఇప్పుడు తమరు దిగుతున్నారు. లోయవైపు వెళ్లాలి.”

మంత్రిగారు మా వెనక చక్రాన్ని చూశారు. “రెండు వైపులా ఎక్కడమే అని రాసుకో. ఇక దిగడమనేది ఉండదు. వెనక్కి తగ్గినవాడికి జరిమానా.”

ఆయన అలా వెళ్లారో లేదో, పైనుంచి ఒక లారీ, కిందనుంచి ఒక లారీ కొండవైపే వచ్చి మా పక్కన ముక్కూ ముక్కూ ఆనించాయి.

“వెనక్కి పోరా ఫౌస్తినో, నువ్వు దిగుతున్నావు,” అన్నాడు కింది లారీ ముసలాయన.

“నేనూ ఎక్కుతున్నాను మామా.”

“మీ తాత కూడా ఇటు దిగేవాడేరా.”

“ఆయన కాలంలో ఇంత అభివృద్ధి లేదు.”

మూడో రోజుకు బళ్ల వరుస కొండ చుట్టూ తిరిగింది. కమలాలు మెత్తబడ్డాయి. లారీ అడుగు నుంచి రసం కారుతోంది. సెవెరా దాన్ని చూడటం మానేసింది.

అప్పుడు పర్యాటక శాఖ ఉద్యోగి నడుచుకుంటూ వచ్చి బోర్డు పాతాడు. ‘సుందర దృశ్య స్థలం. ఇక్కడికి వచ్చినవారు కదలరు.’ తర్వాత కెమెరా తీసి, దోన్యా సెవెరాను లారీ ముందు నిలబెట్టాడు.

“కాస్త పక్కకు జరగండమ్మా, లోయ కనబడటం లేదు.”

ఆమె పక్కకు చూసింది. పక్కనంతా లోయే.