మైకు అక్క దిండు

ఆ తెల్లవారుజామున మైకు అక్క పెట్టుకున్న పని ఒక్కటే: లేవకపోవడం. ముప్పై ఏళ్ళుగా కోడికంటే ముందు లేచి, బస్‌స్టేషన్లో మైకు ముందు కూర్చుని, ఏ బస్సు ఎక్కడికో ఊరికంతటికీ చెప్పిన మనిషి. ఆమె నంబరు చదవందే ఏ బస్సూ కదలకూడదు, అదక్కడి రూలు. నిన్ననే రిటైరైంది. ఆమె కోరిక తెలిసిన తోటివాళ్ళు చందాలేసుకుని మెత్తటి దూదిదిండు కానుకగా ఇచ్చారు. పాపం, పొద్దెక్కేదాకా పడుకోవడమంటే ఎలా ఉంటుందో ఆవిడకు ఇంతవరకూ తెలియదు.

కల ఇంకా సగంలో ఉండగానే స్టేషన్ మేనేజర్ వచ్చి తలుపు తట్టాడు. రాత్రికి రాత్రి ప్రభుత్వం రిటైర్మెంట్ వయసు రెండేళ్ళు పెంచిందట. ఈ నెలలో దిగిపోయినవాళ్ళంతా వెనక్కి రావాలట. మైకు అక్కకు ఏడుపొక్కటే తక్కువ. మొగుడు మంచివాడు, చేసేదేమీ లేక దిండును సంచిలో పెట్టి అందించాడు.

"నడుముకైనా ఆనించుకోవే," అన్నాడు.

వీధంతా పొగమంచు. అందులో బ్యాంకు క్యాషియరు, లిఫ్టు నడిపే తాత, డ్రాయింగు టీచరు, ఆస్పత్రి నర్సు, అందరూ నిన్నో మొన్నో సెలవు తీసుకున్నవాళ్ళే, కాళ్ళు నేలకు ఆననట్టు తేలుతూ మళ్ళీ పనికి పోతున్నారు. 

మైకు గదిలో అప్పటికే 'వెయిటింగ్ లిస్టు' కూర్చుని ఉంది. ఆ కుర్చీ కోసం ఏళ్ళ తరబడి కాచుకున్న అసిస్టెంటు పిల్లకు అందరూ పెట్టిన పేరది. కొత్త బట్టలు కట్టుకుని వచ్చింది. అక్కను చూడగానే లేచింది.

"నేను కావాలని రాలేదే అమ్మడూ."

"తెలుసక్కా. కూర్చోండి," అంది కళ్ళు తుడుచుకుంటూ.

మైకు అక్క దిండు నడుముకు పెట్టుకుని, స్విచ్చి వేసి, "ప్రయాణికులకు మనవి," అంది. అంతే, కన్ను అంటుకుంది. స్పీకర్లన్నిట్లోంచీ ఆమె ఊపిరి మెల్లగా స్టేషనంతా పరుచుకుంది. నంబరు కోసం చూస్తూ డ్రైవర్లు స్టీరింగు మీద తలలు వాల్చారు. బస్సు కోసం కూర్చున్న క్యాషియరు పక్కనున్న నర్సు భుజాన ఒరిగాడు. లేపుదామని చెయ్యి చాచిన వెయిటింగ్ లిస్టుకు జాలేసి, తలుపు దగ్గరికి వేసి బయట కాపలా కూర్చుంది.

బస్సులెందుకు ఆగాయని యూనియన్ సెక్రటరీ పరుగెత్తుకొచ్చాడు.

"అక్క ఇప్పుడు మాట్లాడదు," అంది ఆ పిల్ల.

మాట్లాడదంటే పని ఆపేసిందనే అనుకున్నాడాయన. తనకు చెప్పకుండానే సమ్మె మొదలైందా? పరువు పోతుందని, తానే పిలుపిచ్చినట్టు అన్ని ఆఫీసులకూ కబురు పెట్టాడు. అసలే సగం నిద్రలో ఉన్న ఊరు, అడగ్గానే పని ఆపేసింది. మధ్యాహ్నానికి నడిరోడ్డు మీద పిచ్చుకలు తీరిగ్గా తిరుగుతున్నాయి.

కార్మిక శాఖ అధికారి బేరానికి దిగాడు. మూసిన తలుపు బయట నిలబడి, రెండేళ్ళు కాదు ఒక్క ఏడాదే అన్నాడు. స్పీకర్లోంచి పొడుగాటి శ్వాస వచ్చింది. నిట్టూర్పనుకున్నాడు. ఆర్నెల్లన్నాడు. ఈసారి గుర్రుమంది.

"కోపమొచ్చింది సార్. మహా మొండిది," అన్నాడు సెక్రటరీ.

అధికారి చెమట తుడుచుకుంటూ పైవాళ్ళకు ఫోన్ చేశాడు. సాయంత్రానికి ఉత్తర్వు రద్దయింది. స్టేషనంతా లేచి చప్పట్లు కొట్టింది.

ఆ చప్పట్లకే మైకు అక్క కళ్ళు తెరిచి, "మూడో నంబరు బస్సు బయలుదేరుతున్నది," అని పొద్దున మొదలుపెట్టిన మాట పూర్తిచేసింది. బస్సు కదిలింది. జరిగింది విని, కుర్చీ ఆ పిల్లకిచ్చి, దిండు చంకన పెట్టుకుని ఇంటికొచ్చింది. రేపటి నిద్ర తలుచుకుంటే ప్రాణం తేలికైంది.

మర్నాడు కోడి కూయకముందే తలుపు చప్పుడైంది. గుమ్మంలో సెక్రటరీ, వెనక సగం ఊరు.

"నోరు మెదపకుండా సర్కారును దించారక్కా. మిమ్మల్ని యూనియన్ ప్రెసిడెంటుగా ఏకగ్రీవంగా ఎన్నుకున్నాం. పొద్దున్నే మీటింగు."

మైకు అక్క ఆ పదవికి రిటైర్మెంట్ వయసెంతని మాత్రం అడిగింది.

"దానికి వయసేమిటక్కా? ఇంతవరకూ ఎవరూ బతికుండగా దిగలేదు," అన్నాడాయన గర్వంగా.

మొగుడు లోపలికెళ్ళి దిండును సంచిలో పెట్టాడు.