మూడు సెకన్లు ఎక్కువ

ఉదయం ఏడు పదికి లక్ష్మీకాంత్ దగ్గర ఒక పథకం ఉంది. ఎనిమిదింటికి కూడా ఉంది. ఎనిమిదిన్నరకి లేదు.

గుంటూరు మిర్చి యార్డుకి ఆరు కిలోమీటర్ల దూరంలో, ఒక కోల్డ్ స్టోరేజీ వెనక పొడవాటి రేకుల షెడ్డు ఉంది. అందులో నలభై మంది ఆడవాళ్ళు కింద కూర్చుని ఎండుమిరపకాయలకి తొడిమలు తీస్తారు. తొడిమ తీసిన కాయ ఓడ ఎక్కుతుంది. తీయని కాయ ఎక్కదు. యజమాని త్యాగరాజు. ఆయన గుమాస్తా లక్ష్మీకాంత్. ఆ సాయంత్రం ఐదింటికి కంటైనర్ లారీ వస్తుంది. ఇంకా ఇరవై టిక్కీలు, అంటే ఇరవై బస్తాల కాయ, తొడిమలతోనే ఉంది.

ఐదింటికి పని పూర్తికాకపోతే ఏమవుతుందో త్యాగరాజు ముందురోజే చెప్పి పొన్నూరు వెళ్ళాడు.

"పిడుగురాళ్లలో మా బావమరిది సున్నం బట్టీకి మనిషి కావాలంటయ్యా. గుర్తు పెట్టుకో."

లక్ష్మీకాంత్ గుర్తు పెట్టుకున్నాడు. అతనికి ముందున్న గుమాస్తా అక్కడికే వెళ్ళాడు. ఆర్నెల్ల తర్వాత పని మీద గుంటూరు వస్తే అతని కనురెప్పల వెంట్రుకలు కూడా తెల్లగా ఉన్నాయి. వయసు ముప్ఫై నాలుగు.

లక్ష్మీకాంత్ పథకం సుబ్బరావమ్మ మీద ఆధారపడింది. రాత్రి టీవీలో వచ్చిన సీరియల్‌ని మర్నాడు పొద్దున షెడ్డులో చెప్పేది ఆవిడే. చేతులు తిప్పకుండా ఆవిడకి మాట రాదు, కాబట్టి చెబుతున్నంతసేపూ ఆవిడ తట్ట ఖాళీగా ఉంటుంది. ఆ లోటు పూడ్చడానికి సాయంత్రం కాటాకి ముందు ప్రతి ఆడమనిషీ తను తొడిమలు తీసిన కాయలు ఒక గుప్పెడు ఆవిడ తట్టలో వేస్తుంది. దాన్ని కథగుప్పెడు అంటారు. తొమ్మిదేళ్ళుగా, నాలుగు సీరియళ్ళుగా సుబ్బరావమ్మ ఇల్లు ఆ గుప్పెళ్ళ మీదే నడుస్తోంది.

కథ ముదిరితే చేతులు వేగం అందుకుంటాయని లక్ష్మీకాంత్ ఎప్పుడో కనిపెట్టాడు. 'తాళాలగుత్తి' సీరియల్లో అత్తగారు వసుంధర విషం కలిపిన మజ్జిగ తాగిన రోజున షెడ్డులో మూడు టిక్కీలు ఎక్కువయ్యాయి. ఆ సీరియల్ ఎనిమిదివందల పన్నెండు ఎపిసోడ్లు నడిచి పదిరోజుల కిందటే ముగిసింది.

"పిన్నీ, ఇవాళ ఆఖరి నాలుగు ఎపిసోడ్లు మళ్ళీ చెప్పవా?" అన్నాడు లక్ష్మీకాంత్.

"మొన్నేగా చెప్పింది?"

"నేను సరిగా వినలేదు."

"నువ్వెప్పుడు విన్నావులే అబ్బాయ్. కాటా ముల్లు తప్ప నీకేం కనపడుద్ది?" అంది సుబ్బరావమ్మ. అయినా కొంగు దోపుకుని మొదలుపెట్టింది.

పథకం చక్కగా పనిచేసింది. వసుంధర మజ్జిగ గ్లాసు ఎత్తేసరికి ఒక టిక్కీ అయింది. పోలీసులు వచ్చేసరికి రెండోది, మూడోది. మజ్జిగలో విషం కలిపింది ఆవిడ మరిది ఫణి అని తేలేసరికి నాలుగోది. ఇక మిగిలింది కోడలు మేఘన. అత్తగారి ఫొటో ముందు కూలబడి, ఆవిడ నడుముకి ఉండే తాళాలగుత్తి గుండెకి హత్తుకుని ఏడ్చే ఘట్టం. అక్కడ సుబ్బరావమ్మ నిజంగానే కళ్ళు తుడుచుకుంటుంది. కారం చేత్తో తుడుచుకోవడం వల్ల ఏడుపు బాగా వస్తుంది.

"అది కాదు పిన్నీ జరిగింది," అంది రాగసుధ.

రాగసుధ షెడ్డులో చేరి రెండు నెలలైంది. మూడో వరసలో కూర్చుంటుంది. ఆమె పెద్దగా మాట్లాడిన సందర్భం అదే మొదటిది.

"ఏది కాదే?"

"మేఘనే చంపింది. నిన్న ఫోనులో పెట్టారు. డైరెక్టరు గారి ముగింపు అంట. ఆఖరి ఎపిసోడ్ చివర వేరేగా ఉంది. అప్పుడు ఛానెలు వాళ్ళు ఒప్పుకోక కోసేశారంట. ఇప్పుడాయన అనుకున్నట్టు మళ్ళీ కలిపి పెట్టుకున్నాడు."

"కోసింది మళ్ళీ కలుపుతాడా? మనం పీకిన తొడిమ మళ్ళీ పెడితే కాయకి అంటుద్దా?"

"అంటించాడుగా పిన్నీ. చూశాను."

నలభై జతల చేతులు ఒక్కసారిగా ఆగిపోయాయి. అప్పుడు సమయం ఎనిమిదిన్నర.

మొదట లేచింది కరీమున్. యాభై ఏళ్ళ మనిషి. షెడ్డులో ఆవిడ మాటకి ఎదురు ఉండదు.

"ఏందే నువ్వనేది? మేఘనని చూసే గదా నేను మా కోడలికి బీరువా తాళం ఇచ్చింది. అత్త పోయినా తాళాలు పట్టుకుని అంతలా ఏడ్చిందే, మన కోడలు కూడా ఇట్టాగే ఉంటదిలే అని ఇచ్చా. ఇప్పుడు చంపిందంటే ఎట్టా?"

"అదేగా అత్తా ఎందుకు చంపిందంటే. తాళాల కోసమే."

కరీమున్ మెల్లగా మళ్ళీ కూర్చుంది. ఆవిడ చుట్టుపక్కల ఇంకో ఎనిమిది మంది అత్తగార్లు అదే లెక్కన తాళాలు ఇచ్చినవాళ్ళు. వాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

సుబ్బరావమ్మ మాత్రం తట్ట ముందుకి జరుపుకుంది. "టీవీలో వచ్చిందే అసలు. ఫోనులో వచ్చేది తాలు. తాలు కాయ ఎవరన్నా ఎత్తుకుంటారా?" అంది. కానీ గొంతులో ముందున్న జోరు లేదు. ముగింపు తప్పని తేలితే రేపు గుప్పెడు ఎవరు వేస్తారో ఆవిడకి తెలియడం లేదు.

లక్ష్మీకాంత్ ఆ రోజు చేసిన మొదటి పొరపాటు ఇక్కడ జరిగింది. చూసేస్తే గొడవ వదిలిపోతుందని అతను అనుకున్నాడు. రాగసుధ ఫోను తీసుకుని కాటా పళ్ళెం మీద, ఇరవై కిలోల గుండుకి ఆనించి పెట్టాడు. ఆఖరి ఎపిసోడ్ ఇరవై రెండు నిమిషాలు. అంతసేపూ షెడ్డులో ఒక్క తొడిమ కూడా తెగలేదు.

చిత్రం ఏమిటంటే, రెండు ముగింపుల్లోనూ ఏడుపు ఒకటే. అదే ఫొటో, అదే చీర, అవే కన్నీళ్ళు. టీవీలో అక్కడితో ఆపేశారు. ఇక్కడ మూడు సెకన్లు ఎక్కువ ఉంచారు. ఆ మూడు సెకన్లలో మేఘన ముక్కు ఎగబీల్చి, గుత్తిలోంచి ఒక తాళంచెవి తీసి, అది బీరువాకి పడుతుందో లేదో చూసింది. పట్టింది.

ఆ మూడు సెకన్లు పదకొండు సార్లు వేయించుకున్నారు. పదకొండోసారి అయ్యాక కరీమున్ లేచి చెప్పులు వేసుకుంది.

"ఎక్కడికి?" అన్నాడు లక్ష్మీకాంత్.

"ఇంటికి. తాళం తెచ్చుకోవాల."

"సాయంత్రం తెచ్చుకోవచ్చుగా?"

"మధ్యాహ్నం అన్నంలోకి మజ్జిగ పోస్తే?"

తొమ్మిది మంది అత్తగార్లు రెండు ఆటోల్లో వెళ్ళిపోయారు. మిగిలిన ముప్ఫై ఒక్కరూ టీవీ వాళ్ళు ఒక వైపు, ఫోను వాళ్ళు ఒక వైపు విడిపోయారు. మధ్యలో పదహారు టిక్కీల కాయ ఎర్రగా, నిశ్శబ్దంగా ఉంది.

పదకొండు ఇరవైకి పొన్నూరు నుంచి ఫోను వచ్చింది. త్యాగరాజుకి అవతలివాళ్ళ మాట సగంలో ఉండగా పెట్టేసే అలవాటు ఉంది. ఆ సంగతి ఈ కథలో ముఖ్యం.

"ఎంతవరకొచ్చిందయ్యా?"

"నాలుగయ్యాయండి. పని ఆగింది."

"ఎందుకాగింది? ఏందా అరుపులు?"

మూడు గంటలుగా ఆ గొడవలో మునిగి ఉన్న లక్ష్మీకాంత్, లోకంలో అందరికీ సంగతి తెలిసే ఉంటుందన్న స్థితికి వచ్చేశాడు. "అత్తని చంపింది మరిదా కోడలా అనేది తేలట్లేదండి. మజ్జిగలో విషం కలిపింది మాత్రం నిజం. సగం మంది కోడలే అంటున్నారు. కరీమున్ వాళ్ళు తొమ్మిది మంది ఇళ్ళకి వెళ్ళిపోయారు. ఇదంతా అసలు ఆ సీరియల్..."

సీరియల్ అన్న మాట పొన్నూరు చేరలేదు. లక్ష్మీకాంత్ మళ్ళీ చేశాడు. లైను దొరకలేదు. అవతల త్యాగరాజు పోలీసులతో మాట్లాడుతున్నాడు.

పన్నెండింటికి జీపు వచ్చింది. దిగింది హెడ్ కానిస్టేబుల్ హెలెన్. పొడుగ్గా, తాపీగా ఉండే మనిషి. షెడ్డు గుమ్మంలో నిలబడి ఒక్కసారి తుమ్మి, పుస్తకం తీసింది.

"చనిపోయింది ఎవరు?"

"వసుంధర," అన్నారు ముప్ఫై ఒక్కరూ. పొద్దుటినుంచీ వాళ్ళు ఏకాభిప్రాయానికి వచ్చిన విషయం అదొక్కటే.

"వయసు?"

"అరవై ఉంటాయి మేడం. అట్టా కనపడదు," అంది సుబ్బరావమ్మ.

"ఎట్లా పోయింది?"

"మజ్జిగ తాగి."

"బాడీ ఎక్కడుంది?"

లక్ష్మీకాంత్ ముందుకొచ్చాడు. అతనికి ఇప్పుడు విషయం అర్థమైంది. కానీ జీపు వచ్చాక నిజం చెప్పడం కొంచెం కష్టం. "దహనం చేసేశారు మేడం. ఎనిమిదివందల పదో ఎపిసోడ్లో."

హెలెన్ కలం ఆగింది. పుస్తకంలో తను రాసుకున్నది ఒకసారి చదువుకుంది. వసుంధర. మజ్జిగ. మరిది లేక కోడలు. ఆమె పుస్తకం మూసింది.

"తాళాలగుత్తి?"

"అవును మేడం."

"కోడలు అంటున్నారేంటి? ఫణి గదా చంపింది?"

"ఫోనులో మార్చారు మేడం," అంది రాగసుధ మెల్లగా. "డైరెక్టరు గారి ముగింపు. అందులో మేఘనే."

హెలెన్ టోపీ తీసి చేత్తో పట్టుకుంది.

"ఆదివారం నాకు సెలవు," అంది. "అన్నం వండుకుని, తలుపేసుకుని ఆ కొత్త ముగింపు చూద్దామని దాచుకున్నాను. ఆరు ఆదివారాల తర్వాత వచ్చిన సెలవు."

రాగసుధ తల వంచుకుంది. లక్ష్మీకాంత్‌కి సున్నం వాసన తగిలినట్టయింది.

"సరే," అంది హెలెన్. ఖాళీ టబ్బు ఒకటి బోర్లించి దాని మీద కూర్చుంది. "చెడిపోయింది ఎలాగూ చెడిపోయింది. పూర్తిగా వింటాను. పెద్దమ్మా, నువ్విటు రా. అమ్మాయ్, నువ్వటు. ఒకళ్ళు చెప్పేటప్పుడు ఇంకొకళ్ళు నోరెత్తకూడదు. మిగతావాళ్ళంతా సాక్షులు. చేతులు ఊరికే ఉంటే నోళ్ళు లేస్తాయి, పని చూసుకోండి. పని చెయ్యని వాళ్ళ పేర్లు రాసుకుంటాను."

ముప్ఫై మంది ఒక్కసారి కిందికి వంగారు. ఆ షెడ్డులో అలాంటి చప్పుడు అంతకుముందు ఎన్నడూ వినపడలేదు. తొడిమలు వానలా రాలాయి.

ఒంటిగంటకి ఆటోలు తిరిగి వచ్చాయి. వెళ్ళింది తొమ్మిది మంది. వచ్చింది పదహారు మంది. ఏడుగురు కోడళ్ళు సంగతి తేల్చుకోవడానికి వెంట వచ్చారు. అందరికన్నా ముందు కరీమున్ కోడలు ఖుర్షిదా. జీపుని చూసి కూడా ఆగలేదు.

"నేను మజ్జిగలో విషం కలుపుతానంటంది మేడం మా అత్త. మా ఇంట్లో మజ్జిగ ఎక్కడిది? గేదెని అమ్మేసి మూడేళ్ళయింది. ఆ బీరువాలో ఏముందనుకున్నారు? రెండు బొంతలు, ఒక తెగిపోయిన గొడుగు."

"గొడుగు మీ మామ ఇచ్చింది," అంది కరీమున్.

"అందుకే గదా పారెయ్యకుండా ఉంచాను?"

"మీరూ సాక్షులే, కూర్చోండి," అంది హెలెన్. ఏడు జతల కొత్త చేతులు వరసలో కలిశాయి. ఖుర్షిదా అత్త పక్కనే కూర్చుంది. కోపం మీదున్న చేతులు కదా, అందరికన్నా వేగంగా ఆడాయి.

విచారణ నాలుగు గంటలు నడిచింది. మజ్జిగ గ్లాసు ఏ చేతిలో ఉంది, ఫణి ఆ సమయానికి మేడ మీద ఉన్నాడా, గుత్తిలో తాళాలు ఎన్ని అని హెలెన్ అడిగింది. సుబ్బరావమ్మ ఒక్కదానికీ తడబడలేదు. రాగసుధ కూడా. ఉత్కంఠ పెరిగేకొద్దీ గోతాలు నిండాయి. గోతాలు కుట్టేవాడికి మంచినీళ్ళు తాగే తీరిక దొరకలేదు.

నాలుగు ముప్ఫై అయిదుకి హెలెన్ లేచింది.

"ఏడ్చాక ముక్కు ఎగబీల్చడం నేరం కాదు. తాళం పడుతుందో లేదో చూడటం కూడా నేరం కాదు, నేను రోజూ స్టేషన్ బీరువాకి చూస్తాను. మూడు సెకన్లతో కేసు నిలబడదు. ఆదివారం నా కళ్ళతో చూసి సోమవారం చెబుతాను. అప్పటిదాకా ఎవరి తాళం వాళ్ళ దగ్గరే. ఇక ఇవాళ్టి గుప్పెడు సంగతి. ఇద్దరూ చెప్పారు కాబట్టి ఇద్దరికీ."

"నాకొద్దు మేడం," అంది రాగసుధ తన తట్ట చూపించి. అది నిండుగా ఉంది. "చెప్పేటప్పుడు నా చేతులు ఆగవు."

సుబ్బరావమ్మ ఆ తట్టకేసి, ఆ పిల్లకేసి చూసింది. కరీమున్ వచ్చి మొదటి గుప్పెడు ఆవిడ తట్టలో వేసింది. వెనకే అందరూ వేశారు. సుబ్బరావమ్మ గొంతు సర్దుకుంది.

"రేపట్నించి రెండూ నేనే చెబుతా. ముందు టీవీది, ఆనక ఫోనుది. ఈ పిల్ల నాకు చూపిస్తది. రెండు ముగింపులు కాబట్టి రెండు గుప్పెళ్ళు."

ఐదింటికి లారీ, దాని వెనకే త్యాగరాజు కారు వచ్చాయి. ఆయన దిగి, ముందు జీపుని చూశాడు. తర్వాత కుట్టి పేర్చిన గోతాలని చూశాడు. కారు వెనక సీట్లో పొన్నూరులో కొన్న పెద్ద బంతిపూల దండ ఉంది.

"పోయిందెవరయ్యా?"

"ఎవరూ పోలేదండి. సీరియల్లో."

"దండ?"

లక్ష్మీకాంత్ కాసేపు ఆలోచించి, దాన్ని లారీ ముందు అద్దానికి కట్టించాడు.

"ఎన్నయ్యాయి?"

"ఇరవై రెండండి. రేపటి కాయలో రెండు కూడా అయిపోయాయి."

త్యాగరాజు గోతాలు స్వయంగా లెక్కపెట్టుకున్నాడు. హెలెన్‌కి నమస్కారం పెట్టి జీపుదాకా సాగనంపాడు. తిరిగొచ్చి లక్ష్మీకాంత్ భుజం మీద చెయ్యి వేశాడు. పదకొండేళ్ళలో ఆయన ఆ పని చేయడం మొదటిసారి. రెండో చేత్తో ఫోను తీశాడు.

"బావా, నీ బట్టీలో పని నడవట్లేదన్నావే. మనిషి దొరికాడు. నలభై మందితో మొదలుపెట్టి నలభై ఏడు మందితో ముగించాడు. పోలీసుల్ని కూర్చోబెట్టి మరీ చేయించాడు. సోమవారం పంపిస్తున్నా." ఎప్పటిలాగే అవతలి జవాబు వినకుండా పెట్టేశాడు. "ఇది శిక్ష కాదయ్యా, ప్రమోషను."

లక్ష్మీకాంత్ గోతాల మీద కూర్చుండిపోయాడు. సుబ్బరావమ్మ తట్ట చంకన పెట్టుకుని వెళుతూ అతని దగ్గర ఆగింది.

"రెండు ముగింపుల్లోనూ నువ్వు పిడుగురాళ్లే అబ్బాయ్."

బట్టీలో కూలీలు ఏ సీరియల్ చూస్తారో కనుక్కుందామని ఆ సాయంత్రమే లక్ష్మీకాంత్ పిడుగురాళ్లకి ఫోను చేశాడు. వాళ్ళు క్రికెట్ చూస్తారట.