ఛాయాదేవిగారి పాదాల పరిరక్షణ

నగదు తీసుకోవడానికి మానవజాతి కనిపెట్టిన మార్గాలన్నింటిలోకీ ప్రాచీనమైనదీ, నేటివరకూ ఒక్కసారైనా సర్వర్ డౌన్ కానిదీ పెద్దల పాదం. కార్డు అక్కర్లేదు, పిన్ను అక్కర్లేదు, ఓటీపీ అసలే రాదు. నడుము వంగితే చాలు.

ఢిల్లీ పక్కనున్న వైశాలిలో, కొడుకు అద్దె ఫ్లాటులో ఉంటున్న ఛాయాదేవిగారికి డెబ్బయ్యారేళ్లు. ఢిల్లీలో సర్కారు ఉద్యోగం చేసి పోయిన భర్త తాలూకు పింఛను, ఆయన మిగిల్చిన ఒక ఫిక్సుడు డిపాజిట్టు ఆవిడ ఆస్తులు. అరిగిపోయిన రెండు మోకాళ్లు ఆవిడ అప్పులు. ఆ డిపాజిట్టును ఈ మోకాళ్ల ఆపరేషన్‌కనే అట్టేపెట్టారు. కానీ కాళ్లకు దండం పెట్టినవాళ్లను వట్టి చేతులతో లేపడం ఆవిడకు పుట్టింట్లోనూ అలవాటు లేదు, మెట్టినింట్లోనూ లేదు. ఈ సంగతి బంధువర్గానికి తెలిసిపోయింది.

గ్రేటర్ నోయిడాలో నాలుగేళ్ల ఇంజినీరింగును ఆరో ఏట చదువుతున్న పృథ్వీరాజ్ (ఆవిడ చెల్లెలి మనవడు) ప్రతి సప్లిమెంటరీ పరీక్షకూ ముందొకసారి, తర్వాతొకసారి వచ్చి వంగేవాడు. ఆడపడుచు కూతురు లలితకుమారి చీరల వ్యాపారం పెడుతూ వంగింది, ఎత్తేస్తూ వంగింది, మళ్లీ పచ్చళ్ల వ్యాపారం పెడుతూ ద్వారకా నుంచి మెట్రోలో వచ్చి మరీ వంగింది.

కొడుకు శివరామకృష్ణ గురుగ్రామ్‌లో ఒక పెద్ద కంపెనీలో కంప్లయన్స్ మేనేజరు. అంటే, ఇతరులు నిబంధనలు పాటిస్తున్నారో లేదో చూసేందుకు జీతం తీసుకునేవాడు. (సొంతానికి గ్రేటర్ నోయిడాలో పద్నాలుగో అంతస్తులో ఫ్లాటు కొన్నాడు. బిల్డరు ఇంకా ఆరో అంతస్తులో ఉన్నాడు.) డిపాజిట్టులో మూడో వంతు కరిగిపోయిందని తెలిసిన రోజు అతను అన్నం ముట్టలేదు.

"మా అమ్మ మోకాళ్లని తలా ముక్కా పంచుకు తినేశారు!" అన్నాడు భార్య అనసూయతో. ఆ కోపం నిజమైనదే. కాదంటే కళ్లు పోతాయి.

మర్నాడే 'పాదాభివందన నియమావళి' లామినేషన్ చేయించుకుని ఫ్రిజ్ మీదికెక్కింది. దండం పెట్టదలచినవారు మూడు పనిదినాల ముందు ఫ్యామిలీ గ్రూపులో దరఖాస్తు పెట్టుకోవాలి. వంగుటకు గల కారణం తెలపాలి. 'గౌరవం' అని రాసేవారు ఆధారాలు జతపరచాలి. మిగతా వేళల్లో పాదాలు సాక్సుల్లో ఉండవలెను. ఈ నియమాలు రూపకర్తకు వర్తించవు (పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా). ఏటీఎం కార్డు, చెక్కుబుక్కు, ఫోనులోని బ్యాంకు యాప్ అన్నీ రూపకర్త అధీనంలోకి వచ్చాయి. సంతకం మాత్రం ఆవిడ దగ్గరే ఉండిపోయింది. పథకంలో అదొక్కటే లోపం.

పృథ్వీరాజ్ ఫోన్ చేశాడు. "మావయ్యా, అమ్మమ్మకి దండం పెట్టుకోడానికి అప్రూవలేంటి యార్?"

"కారణం సరిగ్గా రాయలేదు నువ్వు."

"బ్లెస్సింగ్స్ అని రాశాను కదా!"

"దాని కిందే క్యూఆర్ కోడ్ కూడా పెట్టావు కదరా."

లలితకుమారికి ఒక ఆదివారం అనుమతి దొరికింది. వంగి లేచేసరికి చేతిలో డబ్బుకు బదులు శివరామకృష్ణ ప్రింటు తీసిన 'దీవెన ధ్రువపత్రం' ఉంది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదెక్కడన్నా చెల్లుతుందా బావా?" అని అడిగింది. కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయింది.

మూడు నెలల్లో పథకం నూటికి నూరు శాతం విజయం సాధించింది. పైసా బయటికి పోలేదు. మనిషి లోపలికి రాలేదు. విజయాన్ని గ్రాఫు గీసి శివరామకృష్ణ ఫ్యామిలీ గ్రూపులో పెడితే, చూడ్డానికి గ్రూపులో అతనూ, అనసూయా మిగిలారు.

ఛాయాదేవిగారు సాక్సులు తొడుక్కుని బాల్కనీలో కూర్చునేవారు. "పృథ్వీ దొంగవెధవే. కాదన్నదెవరు? కానీ వస్తే రెండు గంటలు కబుర్లు చెప్పేవాడే," అన్నారు ఒకసారి. వినడానికి ఎదురుగా తులసి కుండీ ఉంది. ఇల్లు బోసిపోయింది. ఆవిడకు దిగులేసింది. దిగులు నియమావళి పరిధిలోకి రాదు.

చలి మొదలయ్యాక మోకాళ్లు మరీ మొండికేశాయి.

"ఒరేయ్, ఇక తట్టుకోలేకపోతున్నాను. ఆ ఆపరేషనేదో చేయించెయ్," అన్నారు కొడుకుతో.

శివరామకృష్ణ ఫ్రిజ్ మీది నియమావళిని ఓసారి చూసి వచ్చాడు. "చేయిద్దాం అమ్మా. కాకపోతే ఇక్కడ డబ్బు ఇచ్చేదీ నువ్వే, పుచ్చుకునేదీ నువ్వే. దీన్ని కాన్‌ఫ్లిక్ట్ ఆఫ్ ఇంటరెస్ట్ అంటారు."

"నా డబ్బేరా అది!"

"అందరూ అలాగే అనుకున్నారు కదమ్మా. బంధువులకి ఇవ్వకూడదని రూలు పెట్టుకున్నాం. నీకు నీకన్నా దగ్గర బంధువెవరున్నారు చెప్పు?"

"ఆవిడ మోకాళ్లండీ అవి," అంది అనసూయ వంటింట్లోంచి. అభ్యంతరం లిఖితపూర్వకంగా లేనందువల్ల పరిశీలనకు నోచుకోలేదు. ఛాయాదేవిగారి దరఖాస్తు మాత్రం మూడు ఆస్పత్రుల కొటేషన్ల కోసం పెండింగులో పడింది.

ఒక శనివారం పొద్దున్నే శివరామకృష్ణ తలంటుకుని, తెల్లని లాల్చీ వేసుకుని తల్లి గదిలోకి వచ్చాడు. పండగ కాదు, పుట్టినరోజూ కాదు. నేరుగా మంచం దగ్గరికొచ్చి వంగాడు. పెళ్లిపీటల మీద పురోహితుడు వంచిన తర్వాత అతను మళ్లీ వంగడం ఇదే.

ఆవిడకు కళ్లు చెమర్చాయి. సాక్సులు విప్పబోయారు. మోకాలు మడత పడక చెయ్యి అందలేదు. అతనే విప్పి, పాదాలు రెండూ కళ్లకు అద్దుకున్నాడు. పాత అలవాటుకొద్దీ ఆవిడ చెయ్యి దిండు కింద పర్సు కోసం వెతికి, ఏమీ దొరక్క వెనక్కి వచ్చింది. అప్పుడే ఆవిడ, అతని లాల్చీ జేబులోంచి తొంగిచూస్తున్న బ్యాంకు కాగితాన్నీ, దానికి తగిలించిన పెన్నునూ చూశారు.

ఛాయాదేవిగారు కొడుకు తల నిమిరారు.

"బిల్డరుకి ఎంత కట్టాలిరా?"

శివరామకృష్ణ ఎంతో చెప్పాడు. పరిరక్షణ పథకం పుణ్యమా అని, డిపాజిట్టులో పైసా తగ్గకుండా అంతా ఉంది.