మాడని రొట్టె

ఆ శనివారం పొద్దున్న ఆర్వో కంగస్ వేసుకున్న పథకం చాలా చిన్నది. నున్నగా గడ్డం గీసుకోవాలి, లైట్‌హౌస్‌లో ఇత్తడి సామానంతా తళతళలాడేలా తోమాలి, మధ్యాహ్నం కాఫీ వేళకు అందరి ముందూ తాళంచెవి పుచ్చుకోవాలి. అంతే. అందులో ఫైరింజను ఎక్కడా లేదు.

తాళంచెవి అంటే టామరాక్ పాయింట్ లైట్‌హౌస్‌ది. అమెరికాలోని సుపీరియర్ సరస్సులోకి పొడుచుకుపోయిన రాతికొన మీద, పార్కు కాలిబాటలన్నీ ముగిసేచోట ఉంటుందది. ఓడలకు దాని అవసరం ఏనాడో తీరిపోయింది. అయినా ఏటా వేసవికి ఊళ్ళోంచి ఒకరిని కాపరిగా పెట్టి, దానికి ఆనుకుని ఉన్న ఇంట్లో కాపురం ఉండనిచ్చి, వచ్చేపోయేవాళ్ళకు టిక్కెట్టు పెట్టి చూపించమనడం ఊరి సంఘానికి అలవాటు. జీతం లేదు, టోపీ ఉంది. బంగారు అంచున్న ఆ నీలం ఉన్ని టోపీ పెట్టుకుని బజారుకెళ్తే పాస్టరు గారంతటివాడు కూడా ముందుగా పలకరిస్తాడు. కాగితం మిల్లు ఉద్యోగం నుంచి దిగిపోయినప్పటి నుంచీ ఆర్వో ప్రాణమంతా ఆ టోపీ మీదే ఉంది. ఇన్నాళ్ళకు పరీక్షగా ఒక వారం ఇచ్చారు. ఆ వారం ఇవాళ్టితో పూర్తవుతుంది. వేసవి మొత్తానికీ తనే కాపరినని ఊరంతా అప్పుడే చెప్పేసుకున్నాడు, మంగలికైతే రెండుసార్లు.

వారం మొదట్లో సంఘం అధ్యక్షురాలు మిసెస్ పెన్‌హేల్ ఒకే ఒక్క మాట చెప్పింది. "దీపం గదిలో తెరలు పగలు తియ్యకండి, కంగస్ గారూ." ఎందుకని ఆర్వో అడగలేదు. ఆ ఊళ్ళో ఎందుకని అడిగితే ఎదుటివాళ్ళ మాట నమ్మనట్టు లెక్క. చిన్నప్పుడు వాళ్ళమ్మ కూడా సోఫా గుడ్డ వెలిసిపోతుందని ముందుగదిలో తెరలు ఎప్పుడూ వేసే ఉంచేది. ఇదీ అలాంటిదే అనుకుని ఊరుకున్నాడు.

అతని భార్య సైమా తెల్లవారకముందే లేచి నిసు పిండి కలిపింది. నిసు అంటే ఏలకులు దంచి వేసి, జడలా అల్లి కాల్చే తియ్యటి రొట్టె. ఫిన్లాండు నుంచి వచ్చిన తాతల నాటి వంటకం. దానికి సైమా పెట్టింది పేరు. అయితే ఆ సంగతి ఆమె అక్క ఇంపి ఇంతవరకూ ఒప్పుకోలేదు.

"ఏమండీ, గంట మోగగానే ఓవెన్‌లోంచి తీసెయ్యండి. ఒక్క క్షణం కూడా ఆలస్యం చెయ్యకండి. ఇవాళ అక్క వస్తోంది," అని సైమా చెప్పింది.

"నాకు లైట్‌హౌస్ మొత్తం అప్పగిస్తున్నారే బాబూ, ఒక రొట్టె చూసుకోలేనా?"

"లైట్‌హౌస్ సంగతి నాకు తెలీదు. రొట్టె మాత్రం జాగ్రత్త," అని ఆమె బల్ల మీదకి పూలు కోసుకు రావడానికి అడవి బాట పట్టింది.

ఆమె అటు వెళ్ళగానే డెట్రాయిట్ నుంచి ఒక జంట వచ్చింది. ఆర్వో టోపీ సవరించుకుని వాళ్ళను పైకి తీసుకెళ్ళాడు. మెట్టు మెట్టుకీ ఆగి తుఫానుల కథలు చెప్పాడు, అందులో సగం అప్పటికప్పుడు అల్లినవే. తీరా దీపం గదిలోకి వెళ్ళాక ఆ మహాతల్లి చుట్టూ చూసి మూతి విరిచింది. "ఈ తెరలు చూడ్డానికా ఇంత ఎత్తు ఎక్కాం?"

ఆర్వోకు పౌరుషం పొడుచుకొచ్చింది. సర్రున తెరలు లాగేశాడు. ఒక్కసారిగా ఎండ వచ్చి పడింది. దీపం చుట్టూ ఉన్న మనిషెత్తు అద్దాల గూడు వెలిగిపోయి గోడల నిండా రంగులు చిమ్మింది. ఆ ఇద్దరూ నోళ్ళు తెరిచి నిలబడిపోయారు. ఆ ఊపులో ఆర్వో గూడుకున్న చిన్న తలుపు తెరిచి, టోపీ తీసి లోపల దీపపు దిమ్మ మీద పెట్టి, చేతిలోని నూనెగుడ్డతో అద్దాలు ఎలా తుడవాలో కూడా చేసి చూపించాడు. ఆ గుడ్డ టోపీ మీద పడేసి వాళ్ళను సాగనంపడానికి కిందికి దిగాడు. అక్కడ నిలబడి ఇంకో తుఫాను కథ చెప్పాడు.

కథ మధ్యలో ఆ ఇల్లాలు పైకి చూసి, "దీపం ఇప్పుడు కూడా వెలిగిస్తారా?" అంది.

ఆర్వో తలెత్తాడు. లైట్‌హౌస్ నెత్తి మీంచి పొగ లేస్తోంది. సెలవైనా తీసుకోకుండా పైకి పరుగెత్తాడు. వెళ్ళేసరికి టోపీ కొలిమిలో బొగ్గులా కణకణలాడుతోంది. నూనెగుడ్డ జాడే లేదు. టోపీని కింద పడేసి, బూట్లతో తొక్కి, తనకోసం అక్కడ ఉంచుకున్న ఫ్లాస్కులో కాఫీ అంతా దాని మీద కుమ్మరించాడు. మంట చచ్చింది గానీ పొగ రెట్టింపైంది. 'పాడు నూనె! దానంతటదే అంటుకున్నట్టుంది' అని తిట్టుకున్నాడు. మాడిన టోపీని చొక్కాలో దోపుకుని, ఎవరూ చూడలేదు కదా అని నీళ్ళకేసి తొంగి చూశాడు.

నీళ్ళ మీద చేపల పడవలు చాలానే ఉన్నాయి. అందరూ చూశారు.

అతను కిందికి దిగేలోపే డెట్రాయిట్ జంట వెళ్ళిపోయింది, పార్కు బాట మీద సైరన్ కూసింది. ఊరి ఫైరింజన్ అంటే ఎవరో పరాయివాళ్ళు కాదు. గ్యారేజీ నడిపే రూబెన్, అతని వెంట పాస్టరు గారు, మంగలి. వాళ్ళ వెనకే కారులో మిసెస్ పెన్‌హేల్.

"ఎక్కడ్రా ఆర్వో పొగ?" అంటూ రూబెన్ ఇంజన్ మీంచి దూకాడు.

సరిగ్గా అప్పుడే, ఇంజన్ రొదలో ఆర్వో చెవికి మాత్రం, వంటింట్లో గంట వినిపించింది. ఆర్వో నోట్లోంచి మాట దానంతటదే వచ్చేసింది.

"రొట్టెరా. రొట్టె మాడింది."

"పొగ పైనుంచి కదా వచ్చింది?"

"వంటింట్లోంచి లైట్‌హౌస్ బురుజులోకి దారుంది కదా. పొగగొట్టంలా పైకి లాగేస్తుంది."

మిసెస్ పెన్‌హేల్ గుండెల మీద చెయ్యేసుకుంది. "అమ్మయ్య, రొట్టేనా? నేనింకా దీపానికేమన్నా అయిందేమోనని హడలి చచ్చాను. దీపం గదిలో పొగ పుడితే ఇక ఆ కాపరికి తాళంచెవి ఇచ్చేది ఉండదు. మీరున్నారు కాబట్టి సరిపోయింది."

ఆర్వో వెర్రినవ్వు నవ్వాడు. రూబెన్ మాత్రం, "ఓవెన్ ఒకసారి చూడాలి, పద్ధతి పద్ధతే," అంటూ బూట్లు తుడుచుకోసాగాడు. ఆ ఊళ్ళో కొంపలంటుకుంటున్నా బూట్లు తుడుచుకోకుండా ఇంట్లోకి రారు. ఆ కాస్త వ్యవధి ఆర్వోకు చాలింది. లోపలికి దూరి ఓవెన్ తలుపు తెరిచాడు.

రొట్టె బంగారు రంగులో నిగనిగలాడుతూ ఉంది. జడ పాయలు ఒక్కచోట కూడా విచ్చుకోలేదు. సైమా చేతిలో అంత అందంగా కుదిరిన రొట్టె ఇన్నేళ్ళ కాపురంలో అతను చూడలేదు. మాడి ఉంటే ఎంత బాగుండేదని ఆ క్షణంలో అతను నిజంగా అనుకున్నాడు. అలా అనుకున్నందుకు ఒళ్ళంతా చీదర పుట్టింది. అయినా చేతులు ఆగలేదు. రొట్టెను తువ్వాల్లో చుట్టి, లోపలి దారిన బురుజెక్కి, ఎవరూ చూడని చోటు అదొక్కటేనని, అద్దాల గూట్లో దిమ్మ మీద పెట్టి తలుపేసి వచ్చాడు.

వంటిల్లంతా ఏలకుల ఘుమఘుమ. రూబెన్ ముక్కు ఎగబీల్చి, "మాడిన వాసన రావట్లేదేంట్రా?" అన్నాడు.

"ఏలకులు మాడితే ఇలాగే ఉంటుంది."

"రొట్టేది మరి?"

"పారేశా. సరస్సులోకి విసిరేశా."

"మీ టోపీ ఏదండీ?" అని మిసెస్ పెన్‌హేల్ అడిగింది.

"గాలికెగిరిపోయిందండీ." ఒక అబద్ధం చెప్పాక రెండోది చెప్పడం ఎంత తేలికో అని ఆర్వోకే ఆశ్చర్యం వేసింది.

సైమా చేతినిండా పూలతో వచ్చేసరికి వాకిట్లో ఫైరింజను ఉంది, పచ్చిక మీద సంఘం వాళ్ళంతా చేరిపోయారు. ఏం జరిగిందని ఆమె అడిగేలోపే ఓదార్పులు మొదలయ్యాయి. ఆ ఊరివాళ్ళు ఎవరినీ పల్లెత్తు మాట అనరు. అదే అసలు బాధ. తిట్టినా కాస్త తేలికపడేది.

"ఎవరికైనా జరుగుతుందమ్మా," అన్నారు పాస్టరు గారు.

"పాత ఓవెన్లు అంతే. నమ్మకూడదు," అన్నాడు మంగలి.

"ప్రాణనష్టం లేదు, అది చాలు," అన్నాడు రూబెన్.

సైమా ముఖం పాలిపోయింది. మొగుడి దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది. "గంట మోగలేదా అండీ?"

"మోగలేదే," అని ఆర్వో చెట్లకేసి చూస్తూ చెప్పాడు.

"అయితే నేనే గంట పెట్టడం మరిచిపోయినట్టున్నా. మతి పోతోంది నాకు. మా అమ్మకూ ఈ వయసులోనే మొదలైంది." ఆమె కళ్ళు తుడుచుకుంది. ఆర్వోకు చొక్కాలోని టోపీ ఇంకా కాలుతున్నట్టే అనిపించింది.

అప్పుడు దిగింది ఇంపి, గళ్ళ గుడ్డ కప్పిన బుట్టతో. విషయం విని చెల్లెల్ని గట్టిగా కావిలించుకుంది. "పోనీలేవే, ఏడవకు. ఎందుకైనా మంచిదని నేనొకటి చేసి తెచ్చాగా. నా మనసుకి ఏదో తట్టింది. మరిదిగారూ, ఏం పర్లేదు, మా చెల్లి ఇంకెప్పుడూ ఓవెన్ జోలికి వెళ్ళదులెండి."

"అది కాదు వదినా..." అని ఆర్వో ఆగిపోయాడు. ఏది కాదో చెప్పాలంటే చాలా చెప్పాలి.

కాఫీ పోశారు. ఇంపి తెచ్చిన నిసు కోశారు. రంపప్పొట్టులా ఉన్న ఆ రొట్టెను కాఫీలో నానబెట్టుకుని, అందరూ మర్యాదగా "బాగుంది, బాగుంది" అంటూ మింగారు. మిసెస్ పెన్‌హేల్ లేచి, నీలం దారం కట్టిన తాళంచెవి బయటికి తీసింది. ఇన్నేళ్ళుగా కలలోకొచ్చిన తాళంచెవి. చెయ్యి చాపితే అందుతుంది.

"ఒక్క నిమిషం," అంటూ సైమా లేచి నిలబడింది. నలుగురిలో నోరు విప్పే మనిషి కాదామె. చేతిరుమాలు నలుపుతూ అంది. "నా వల్ల మీకందరికీ శ్రమైంది. క్షమించండి. నా తప్పు చూసి మా ఆయనకు ఇవ్వడం మాత్రం మానకండి. ఆయనకిదంటే ప్రాణం. నేను ఊళ్ళోనే ఉండిపోతా. ఈ ఇంట్లో ఓవెన్ ముట్టుకునేవాళ్ళే ఉండరు. ఆయన్నొక్కడినే ఉండనివ్వండి."

ఆర్వోకు సిగ్గుతో తల తీసేసినట్టయింది. భూమి చీలితే బాగుండునని చూశాడు. అది రాతినేల, చీలేలా లేదు. లేచాడు. చొక్కాలోంచి నల్లటి ముద్దను లాగి కాఫీ బల్ల మీద పెట్టాడు. బంగారు అంచు ఒకవైపు ఇంకా మెరుస్తోంది.

"గంట మోగింది. రొట్టె మాడలేదు. మాడింది ఇది. పైన, దీపం దగ్గర. తాళంచెవి పోతుందని మా ఆవిడ మీదకి నెట్టేశా. అంతకంటే చెప్పడానికి నాకు ముఖం చెల్లడం లేదు."

ఎవరో గట్టిగా కాఫీ గుటకేశారు.

"రొట్టె సరస్సులో వేశానన్నావుగా?" అన్నాడు రూబెన్.

"లేదు. దాచా. ఉండండి, తెస్తా." అందరి చూపుల నుంచీ తప్పించుకునే అవకాశం దొరికినందుకు సంతోషిస్తూ ఆర్వో బురుజెక్కాడు. దిగేటప్పుడు మాత్రం చాలాసేపు పట్టింది. ఎంతసేపు ఆలస్యం చేసినా చివరికి దిగక తప్పలేదు. బల్ల మీద తువ్వాలు విప్పాడు. తువ్వాలు మధ్యలో గుండ్రటి బొక్క. దాని కింద రొట్టె నడినెత్తిన, పిడికిలంత మేర, బొగ్గులా మాడిన గుంట.

"అయితే మాడిందన్నమాటే కదా," అంది ఇంపి.

సైమా అక్క మాట పట్టించుకోలేదు. మొగుడి వంక కూడా చూడలేదు. రొట్టె కొస తుంచి నోట్లో వేసుకుని నిదానంగా నమిలింది. "బాగానే కుదిరింది," అంది. ఆ ముఖంలోకి ప్రాణం తిరిగి రావడం అందరూ చూశారు. తర్వాత ఆ నల్లటి గుంటలో వేలుపెట్టి చూసింది. సూర్యుడి వంక చూసింది. పైన మెరుస్తున్న అద్దాల వంక చూసింది.

"ఏమండీ, ఇప్పుడు వచ్చేటప్పుడు తెరలు వేసి వచ్చారా?"

మిసెస్ పెన్‌హేల్ చేతిలోని కప్పు బల్ల మీద పెట్టేసింది. జనమంతా ఒక్కసారి తలలెత్తారు. ఎండనంతా ఒక్కచోటికి చేర్చి నిప్పు పుట్టించేది ఆ అద్దాలేనని, తెరలు అందుకేనని అప్పటికిగానీ ఆర్వోకు తెలిసి రాలేదు. మళ్ళీ మెట్లకేసి పరుగెత్తాడు. పాపం, ఆ వయసులో అన్ని మెట్లు ఐదోసారి.

తెరలు బిగించి, రొప్పుతూ, గోడ పట్టుకుని దిగి వచ్చేసరికి పచ్చిక మీద చప్పట్లు వినిపిస్తున్నాయి. ఎంత మంచివాళ్ళు, క్షమించేశారనుకున్నాడు. కళ్ళు చెమర్చాయి కూడా. గుంపును తప్పించుకుని ముందుకొచ్చి చూస్తే తాళంచెవి సైమా నడుముకు వేలాడుతోంది.

"కంగస్ గారూ, మీరు బాగా అలిసిపోయినట్టున్నారు," అని మిసెస్ పెన్‌హేల్ ఎంతో మర్యాదగా చెప్పింది. "ఈ వేసవికి మీ ఆవిడ చూసుకుంటానన్నారు. కొత్త టోపీ కూడా ఆవిడ తలకే కొలిచాం. కాపరికి ఒక సహాయకుణ్ణి పెట్టుకునే వీలుంది, ఎవరిని పెట్టుకుంటారో అది పూర్తిగా ఆవిడ ఇష్టం."

ఆర్వో సైమా వంక చూశాడు. ఆమె రొట్టెలో మాడని భాగమంతా ముక్కలు కోసి అందరికీ పంచింది. చివర్లో ఒక ముక్క అతని చేతిలోనూ పెట్టింది.

"సహాయకుడి సంగతి ఆలోచించి చెప్తా," అంది.

వేసవి సగమైంది. సైమా ఇంకా ఆలోచిస్తూనే ఉంది. ఆర్వో రోజూ ఊళ్ళోంచి సైకిలేసుకుని వచ్చి, టిక్కెట్టు కొనుక్కుని, లైట్‌హౌస్ చూసి వెళ్తున్నాడు.