సకుటుంబ వనయాత్ర

తిరుత్తణి వర్తక సంఘ ప్రముఖులు ప్రకృతిని ప్రేమించాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. ఎనభై ఒకటో సంవత్సరం అది, ఎండలు ఇంకా ముదరలేదు. మద్రాసు పక్కనున్న జాతీయ వనంలో ఒకరోజు కాలినడకన తిరిగి చూసి రావాలనీ, ప్రకృతి ఒక్క మగవాళ్ళ సొత్తు కాదు గనుక ఇంటి ఆడవాళ్ళను కూడా వెంటబెట్టుకుని వెళ్ళాలనీ నిర్ణయం. ఆ రెండో వాక్యాన్ని సంఘాధ్యక్షులు, ఇత్తడి పాత్రల వ్యాపారి రంగనాథం గారు పట్టుబట్టి చేర్పించారు.

ఆయన భార్య కమలాంబకు ఆ మాట విన్న రాత్రి నిద్ర పట్టలేదు. కాపురానికి వచ్చిన నాటినుంచి ఆమె గుళ్ళకు వెళ్ళింది, పెళ్ళిళ్ళకు వెళ్ళింది, చావులకు వెళ్ళింది. ఊరికే చూసిరావడానికంటూ ఎక్కడికీ వెళ్ళలేదు. ఆమెకు జింకను చూడాలని ఉంది. క్యాలెండరు బొమ్మలో కాదు, నిలబడి గడ్డి మేసే జింకను.

ఇక ఏర్పాట్లు. ఎవరు వండారో తెలియని అన్నం ముట్టే వంశాలు కావు వారివి. సొంత ఆడవాళ్ళు మడికట్టుకుని వండాలి, వేడివేడిగా వడ్డించాలి. కాబట్టి నడకకు అత్యవసరమైన సామగ్రి, అనగా గంగాళాలు, ఇనప పొయ్యిలు, గరిటెలు, ఒక రుబ్బురోలు లారీ ఎక్కాయి. పాత్రలకు కరువు లేదు, అధ్యక్షుల వారి అంగడి ఉండనే ఉంది. తిరువళ్ళూరులో ఆగి అరిటాకులు కొన్నారు.

వనం గేటు దగ్గర కాపలాదారు మునుస్వామి ఆ రుబ్బురోలును చాలాసేపు చూశాడు. తర్వాత బోర్డు చూపించాడు. లోపల నిప్పు రాజేయరాదు. అధ్యక్షుల వారు చట్టాన్ని గౌరవించే మనిషి. అక్కడికక్కడే న్యాయమైన పరిష్కారం ప్రకటించారు. నిప్పు బయటే ఉంటుంది. దాన్ని చూసుకునేవాళ్ళూ బయటే ఉంటారు. మిగిలిన కుటుంబం లోపలికి నడుస్తుంది. మిగిలిన కుటుంబం అంటే మగవాళ్ళు.

నడిచే ముందు ఆయన ప్రసంగించారు. “మన ఆడోళ్ళు ఎంతసేపూ వంటింట్లోనే ఉండిపోకూడదు. నాలుగు చెట్లు చూడాల, మంచి గాలి పీల్చాల. అందుకే ఖర్చుకు ఎనకాడకుండా పిలుచుకొచ్చినాము.”

కమలాంబ వడపిండి రుబ్బుతూ విన్నది. చప్పట్లు కొట్టడానికి ఆమె చేతులు ఖాళీగా లేవు.

నడక దిగ్విజయంగా ముగిసింది. మొదటి మలుపు దాటగానే గాలి వాళ్ళవైపు తిరిగి సాంబారు వాసన సోకడంతో, చూసిన అడవి చాలునని సభ్యులు వెనక్కి వచ్చేశారు. తిన్నారు. మారు వడ్డించుకుని తిన్నారు. ప్రకృతి ఒడిలో నిద్ర ఆరోగ్యానికి మంచిదని ఎవరో అనగా, అందరూ ఆరోగ్యం కోసం గేటు బయటి నీడలో నడుం వాల్చారు. లేచేసరికి కాఫీ సిద్ధంగా ఉండాలని అధ్యక్షుల వారు కళ్ళు మూసుకునే ఆజ్ఞాపించారు.

మిగతా ఆడవాళ్ళు అంట్లు తోమే పనిలో ఉండగా కమలాంబ పొయ్యి మీద నీళ్ళు పెట్టింది. కాసేపు గురకలు విన్నది. ఆ తర్వాత కట్టెలు బయటికి లాగి, నీళ్ళు చల్లి ఆర్పేసింది.

“అన్నా, జింకలు యాడ ఉంటాయి?” అని మునుస్వామిని అడిగింది.

“నేరుగా పోతే గుంట ఉందమ్మా. ఈ పొద్దుకు నీళ్ళకు వస్తాయి. సద్దు చెయ్యకుండా పోవాల.”

సద్దు చెయ్యకుండా మసలడం ఆమెకు కొత్త కాదు, కాపురమంతా ఆ విద్యలోనే గడిచింది. గుంట దగ్గర జింకలు నీళ్ళు తాగుతున్నాయి. ఒకటి తలెత్తి ఆమెను చూసింది. భయపడదగ్గ మనిషి కాదనుకుందేమో, మళ్ళీ మూతి నీళ్ళలో పెట్టింది. కమలాంబకు పట్టరాని సంతోషం కలిగింది. పొద్దు వాలేదాకా అక్కడే కూర్చుంది.

తిరిగి వచ్చేసరికి సభ్యులందరూ చల్లారిన పొయ్యి చుట్టూ నిలబడి ఉన్నారు.

“యాడికి పోయినావు?” అన్నారు అధ్యక్షుల వారు.

“నడవడానికి కదా వచ్చినాము. నడిచొచ్చినా.”

ఆ జవాబులో తప్పేమీ దొరకలేదు. అందువల్ల ఆయనకు మరింత కోపం వచ్చింది. ఊరు చేరగానే అత్యవసర సమావేశం జరిపి, వనయాత్రలో క్రమశిక్షణ లోపించినందుకు చింతిస్తూ, ఇకపై సకుటుంబ నడకల్లో పొయ్యి దగ్గర ఒక కాపలా మనిషిని నియమించాలని తీర్మానించారు. జింకలు ఎలా ఉన్నాయని మాత్రం ఆమెను ఎవరూ అడగలేదు.

ఈ సంగతి విన్న పెద్దమనుషులందరూ ఆఖరున ఒకే ప్రశ్న వేశారు: ఇంతకీ ఆ పూట వాళ్ళకు కాఫీ దొరికిందా, లేదా? పాఠకులు మర్యాదస్తులు గనుక పైకి అడగలేదు.