మూతి ఎత్తిన కారు

ఆ శనివారం డ్రైవింగ్ మాస్టారికి రెండే పనులు. ఏడింటికి కారు బానెట్ ఎత్తి రెండు మరలు తిప్పాలి. పదిన్నరకి తోడల్లుణ్ణి ఓడించాలి. రెండో పని ఇరవై రెండేళ్ళుగా వాయిదా పడుతూ వస్తోంది.

టైర్ల కొట్టు నడిపే ఆ తోడల్లుడికి, "ఏం తమ్ముడూ, ఇవాళ బయల్దేరితే ఎప్పటికి చేరతావు?" అని నలుగురిలో అడగందే ముద్ద దిగదు. మాస్టారు జన్మలో నలభై దాటి బండి నడిపింది లేదు మరి. ఊరి చివర పాడుబడ్డ రన్‌వే మీద మామూలు కార్లకి పావు మైలు పోటీలు పెడుతున్నారని తెలిసిన రోజున ఇద్దరికీ మాటామాటా పెరిగి పందెం పడింది. ఓడినవాడు ఏడాదిపాటు కారు వెనక అద్దం మీద 'దయచేసి నన్ను దాటి వెళ్ళండి' అని అంటించుకుని తిరగాలి. డ్రైవింగ్ స్కూలు కారు మీద ఆ ముక్క కనిపిస్తే ఇక నేర్చుకోవడానికి ఎవరొస్తారని మాస్టారికి బెంగ పట్టుకుంది.

అందుకే మూడు నెలలు కూర్చుని ముందు చక్రాలకి షాక్ అబ్జార్బర్లు ఎంచాడు. బయల్దేరగానే కారు మూతి చటుక్కున పైకి లేవాలట. అప్పుడు బరువంతా వెనక్కి పడి, బండిని నెట్టే వెనక చక్రాలు నేలని కరుచుకుంటాయట. "బిగువు షాకులేస్తే మూతి లేవదు. వదులువి వేస్తే రోడ్డు మీద పడవలా ఊగుతుంది. రోజూ పాఠాలు చెప్పే బండి, ఆలోచించుకోండి" అన్నాడు మెకానిక్. మాస్టారు అన్నం తింటూ ఆలోచించాడు, ఎర్ర లైటు దగ్గర ఆలోచించాడు, ఆకుపచ్చ లైటు పడ్డాక కూడా ఆలోచించాడు. చివరికి మర ఉన్న రకం కొన్నాడు. ఎడమకి తిప్పితే రోడ్డుకి బిగువు, కుడికి తిప్పితే పందేనికి వదులు. వినీ వినీ ఆ సంగతి భార్యకి కూడా కంఠతా వచ్చేసింది.

ఏడింటికి మరలు కుడికి తిప్పి చేతులు తుడుచుకుంటుంటే టైలరమ్మ ఫోన్ చేసింది. ఆవిడ ఆరు నెలలుగా మాస్టారి శిష్యురాలు. లైసెన్సు పరీక్ష నాలుగుసార్లు తప్పింది. ముప్ఫై ఏళ్ళు కరెంటు మిషను తొక్కిన కాలు ఆవిడది. తొక్కితే నిండా తొక్కుతుంది, వదిలితే ఒక్కసారే వదిలేస్తుంది. "క్లచ్చి మెల్లిగా వదలండమ్మా" అని చెప్పీ చెప్పీ మాస్టారి గొంతు అరిగిపోయింది.

"మాస్టారూ, నా పరీక్ష సోమవారం కాదట. ఇవాళ తొమ్మిదింటికేనట. కాగితం ఇప్పుడే సరిగ్గా చూశాను" అంది.

కాదనలేక మాస్టారు మరలు మళ్ళీ ఎడమకి తిప్పి స్నానానికి వెళ్ళాడు. వంటింటి కిటికీలోంచి ఆ తిప్పడం చూసిన భార్యకి ఫోన్ సంగతి తెలియదు. చివరి నిమిషంలో ఈయనకి ధైర్యం చాల్లేదు కాబోలు అనుకుంది. అక్క మొగుడి ఎత్తిపొడుపులు విని విని ఆవిడకీ ప్రాణం విసిగిపోయింది. చడీచప్పుడు లేకుండా వెళ్ళి రెండు మరలూ కుడికి తిప్పేసి వచ్చింది.

పరీక్ష మైదానంలో బ్రేక్ ఇన్‌స్పెక్టర్ టైలరమ్మ పక్కన కూర్చుని "పోనివ్వండి" అన్నాడు. మాస్టారు గోడ పక్కన నిలబడి చూస్తున్నాడు. కంగారులో ఆవిడ యాక్సిలరేటర్ నిండా తొక్కి, క్లచ్చి ఒక్కసారిగా వదిలింది. కారు మూతి ఆకాశంకేసి లేచింది. ఈ చివర ఉన్న బండి ఆ చివర తేలింది.

ఇన్‌స్పెక్టర్ దిగి, కారుని పట్టుకుని కాసేపు నిలబడి, సంతకం పెట్టేశాడు. "ఫెయిల్ చేస్తే ఈవిడ మళ్ళీ వస్తారు. మళ్ళీ నేనే పక్కన కూర్చోవాలి" అన్నాడు.

మర ఎలా తిరిగిందో ఆరా తీసే తీరిక లేదు. టైలరమ్మని దింపే తీరిక అంతకన్నా లేదు. ఆవిడని ఎక్కించుకునే మాస్టారు రన్‌వేకి చేరాడు. పోటీలో ఒక్కొక్కరికి రెండు విడతలు, రెండింట్లో ఏది మెరుగైతే అది లెక్క. మొదటి విడతలో ఆకుపచ్చ లైటు వెలగగానే మాస్టారు అద్దం చూశాడు, ఇండికేటర్ వేశాడు, అటూ ఇటూ చూసి క్లచ్చి మెల్లిగా వదిలాడు. ఏరి ఏరి కొన్న షాక్ అబ్జార్బర్లకి పనే పడలేదు. అవతలి చివర తోడల్లుడు దిగి నిలబడి ఉన్నాడు.

"వచ్చేశావా తమ్ముడూ? కునుకు తీద్దామనుకుంటున్నా."

పందెం చూడ్డానికి వచ్చిన భార్య పరుగున వచ్చింది. "మరలు నేనే కుడికి తిప్పానండీ. అయినా మూతి లేవలేదేం?"

"నువ్వా తిప్పింది?" అన్నాడు మాస్టారు.

"తప్పు మరలది కాదమ్మా, కాలిది" అంది టైలరమ్మ. "మాస్టారూ, రెండో విడత నన్ను తొక్కనివ్వండి. ఇదిగో, పాసైన కాగితం."

"నాలుగుసార్లు తప్పినావిడా? నాకేం అభ్యంతరం లేదు" అని తోడల్లుడు పగలబడి నవ్వాడు.

మాస్టారు రోజూ పాఠాలు చెప్పే పక్క సీట్లో కూర్చున్నాడు. అక్కడ ఆయనకంటూ ఒక బ్రేకు ఉంది. తన కాలి మీద తనకే నమ్మకం లేక రెండు కాళ్ళూ పైకి లాక్కుని బాసింపట్టు వేసుకున్నాడు. ఆకుపచ్చ లైటు వెలిగింది. "మెల్లిగా" అనబోయి నాలిక కరుచుకుని, "వదిలెయ్యండమ్మా" అన్నాడు.

మూతి లేచింది. వెనక చక్రాలు నేలని పట్టుకున్నాయి.

"మాస్టారూ, రోడ్డు కనిపించట్లేదు."

"నాకూ కనిపించట్లేదు. తొక్కండి."

పక్కనున్న తోడల్లుడి కారు వెనక్కి జారిపోతుంటే మాస్టారికి ఎక్కడలేని సంతోషం పొంగుకొచ్చి, సీట్లోనే ఎగిరి టాపుకి తల కొట్టుకున్నాడు. అవతలి చివర చేరేసరికి ఒక కారు పొడుగు ముందున్నారు. లెక్క చూస్తే తోడల్లుడి మొదటి విడత కన్నా కూడా వీళ్ళదే మెరుగు. అక్కడికక్కడే తోడల్లుడు తన వెనక అద్దం మీద 'దాటి వెళ్ళండి' కాగితం అంటించుకుంటుంటే, మూలలు సరిగ్గా అంటాయో లేదో మాస్టారి భార్య దగ్గరుండి చూసింది.

సోమవారం స్కూలు తలుపు తీసేసరికి పందెం సంగతి విన్న పదకొండుమంది వరసలో ఉన్నారు. మాస్టారు ఉత్సాహంగా ఫారాలు తెచ్చాడు. అందరూ ఒకే మాట అన్నారు, టైలరమ్మ నేర్పితేనే చేరతామని. చేసేదిలేక ఆవిడకి కబురు పెట్టాడు. ఆవిడ వచ్చి అందరినీ కాసేపు ఆగమని, మొదటి గంట బాగా వెనకబడిన విద్యార్థికి కేటాయిస్తున్నానని చెప్పి, మాస్టారిని స్టీరింగు ముందు కూర్చోమంది.