గేటు లైట్ల మీద కెర్నల్ పరీక్ష

శుక్రవారం పొద్దున ఉగ్గాని తింటూ గంగాధర్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. సాయంత్రానికల్లా కెర్నల్ పరీక్షలు మనిషి చెయ్యి పడకుండా వాటంతటవే నడవాలి. నడిస్తే భార్య వసంతకు కాన్పయ్యేదాకా జమ్మలమడుగు దగ్గరి అత్తగారి ఊళ్లోనే ఉండి పని చేసుకోవచ్చు. నడవకపోతే సోమవారం బెంగళూరు ఆఫీసులో కూర్చోవాలి. మేనేజరు ఈ మాట నవ్వుతూనే చెప్పాడు. నవ్వుతూ చెప్పే మేనేజరును నమ్మకూడదని గంగాధర్ అనుభవం.

కెర్నల్ అంటే కంప్యూటర్ అడుగున కూర్చుని మిగతా ప్రోగ్రాములన్నిటికీ పని పంచే పెద్దమనిషి. బెంగళూరులో ఎవరు దాన్ని కాస్త మార్చి పంపినా, ఇక్కడ మేడమీది చిన్న కంప్యూటర్ బోర్డు ఆ కొత్త కెర్నల్‌తో లేవాలి. కరెంటు తీసి పెడితే మళ్లీ క్షేమంగా లేవాలి. అలా తీసి పెట్టడానికి గంగాధర్ గోడలోని లైనుకే ఒక ఆటోమేటిక్ స్విచ్చి బిగించాడు. చదువుకున్న అల్లుడు గనక ఎవర్నీ అడగలేదు. గేటు లైట్లదీ అదే లైనని అతనికి చెప్పే అవకాశం ఎవరికీ రాలేదు.

మామ చెన్నకేశవ ఒక పార్టీ, ఎదురింటి ఈశ్వరయ్య ఇంకో పార్టీ. పాత రోజుల్లో ఆ వీధిలో దాడికి ముందు కరెంటు తీసేవాళ్లు. అందుకే ఇప్పటికీ కరెంటు పోతే జనం చూసేది ట్రాన్స్‌ఫార్మర్ వైపు కాదు, ఎదురింటి వైపు.

మసకపడే వేళకు బెంగళూరులో ఊళ్లకు పోయే తొందరలో అందరూ ఒకరి వెనక ఒకరు మార్పులు పంపారు. చెన్నకేశవ గేటు లైట్లు ఆరాయి, వెలిగాయి, మళ్లీ ఆరాయి. మిగతా వీధంతా శుభ్రంగా వెలుగుతోంది. ఇది ఎవరికో సైగ అని ఈశ్వరయ్య తేల్చేసి తన మనుషుల్ని పిలిపించుకున్నాడు. ఆ గుంపును చూసి, తన లైట్లు ఆర్పుతున్నది వాళ్లేనని చెన్నకేశవ తేల్చేశాడు. బట్టలకని ప్రొద్దుటూరు బయలుదేరిన అతని మనుషుల జీపు ఫోనందుకుని సగం దారిలో వెనక్కి తిరిగింది.

మేడమీద గంగాధర్ చెవులకు హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, పరీక్ష నెగ్గినట్టు తెరమీద వరసగా పడుతున్న పచ్చ గుర్తులు చూసి మురిసిపోతున్నాడు. అత్తగారు వెంకటలక్ష్మమ్మ ఆయాసపడుతూ పైకొచ్చింది.

"నాయనా, నువ్వు కిందికి రావాకు. గేటు లైట్లు ఊరికే ఆరుతాండాయి. ఆపక్కోళ్లు శానామంది చేరినారు. వసంతను లోపలి గదిలో పెట్టి గడియేసినా."

గంగాధర్ కిటికీ తీశాడు. బోర్డు ఆరింది, గేటూ ఆరింది. బోర్డు వెలిగింది, గేటూ వెలిగింది. అతనికి సంగతి అర్థమైంది. ఇప్పుడు చెయ్యి పెడితే పరీక్ష పోయినట్టే, తనకు బెంగళూరు రాసిపెట్టినట్టే. బిడ్డ పుట్టేటప్పుడు దగ్గర ఉండలేనన్న దిగులుతో ఏడుపొచ్చినంత పనైంది. అయినా కళ్లు మూసుకుని ఫ్యూజు పీకేశాడు.

దాంతో గేటు దగ్గర పూర్తిగా చీకటైంది. రెండు గుంపులూ ఒక్కసారే వీధిలోకి దిగాయి. గంగాధర్ బోర్డు చేతపట్టుకుని పరిగెత్తుకొచ్చి మధ్యలో నిలబడ్డాడు.

"కరెంటు తీసింది నేనే మామా. పరీక్ష కోసరం."

"ఎవురు తీయమన్న్యారు?" అన్నాడు ఈశ్వరయ్య.

"బెంగళూరోళ్లు."

"ఏ పార్టీ?"

"ఏ పార్టీ కాదు పెద్దాయనా. ఈ ఊరుండేదే వాళ్లకు తెలీదు."

చెన్నకేశవ తల వంచుకున్నాడు. ఈశ్వరయ్య బోర్డు చేతికి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మా కాలంలో ఒక్కసారే తీస్తాంటిమి గదప్పా. ఇన్నిసార్లు ఏంది?" అంటూ తన వాళ్లను ఇళ్లకు పొమ్మన్నాడు.

గంగాధర్ పైకొచ్చి, బోర్డు తగిలించి ఫ్యూజు పెట్టి చూస్తే తెరమీద ఎర్ర గుర్తు. వసంతకు ఎలా చెప్పాలా అనుకుంటుండగా మేనేజరు ఫోన్ చేశాడు. తిట్లకు చెవి ఒగ్గిన గంగాధర్‌కు పొగడ్తలు వినిపించాయి. అతని ప్రోగ్రాం మర్యాదగా, బోర్డు తన మెమరీలో రాసుకునే పని ముగించాకే కరెంటు తీసేది. అతని చెయ్యి మాత్రం రాత మధ్యలో పీకింది. కెర్నల్ మళ్లీ లేవలేదు. నెలల తరబడి టీమంతా వెతుకుతున్న తప్పు అలా దొరికిపోయింది.

కాన్పయ్యేదాకా అక్కడే ఉండమన్నాడు మేనేజరు. ఈ కొత్త పరీక్షను కూడా ఆటోమేటిక్ చేసి ప్రతి శుక్రవారం నడపమన్నాడు.

దానికి కావలసిన సామగ్రిలో ఇద్దరు నాయకులు, ఒక జీపు ఉన్నాయని గంగాధర్ చెప్పలేదు.